లోకనాథ్ వేయించిన డిస్కు

లోకనాథ్ తనంతట తానుగా ఎవరికైనా టీ తెప్పించాడంటే, బరంపురం గిరి రోడ్డులో అతన్ని ఎరిగినవాళ్లు ఆ టీ ముట్టుకోవడానికి ముందు ఒకసారి ఆలోచిస్తారు. స్మిత ఆలోచించలేదు. ఈ పెళ్లిళ్ల సీజన్ అయ్యాక పనిలోకి రాననీ, ఛత్రపురంలో సొంతంగా ఆల్బమ్‌ల కొట్టు పెట్టుకుంటున్నాననీ అంతకు ముందు సాయంత్రమే అతనితో చెప్పింది. అతను అరవలేదు, తిట్టలేదు. "మంచిదే కదమ్మా, మనిసన్నాక ఎదగాల" అన్నాడు. పొద్దున్నే టీ తెప్పించి ఎదురుగా పెట్టి, "నీ లేప్‌టాప్ నిండిపోనాదని రోజూ ఏడుస్తన్నావు కదా. నడు, పెద్ద హార్డ్ డిస్కు ఏయిస్తాను" అన్నాడు. ఆ పిల్ల సంబరపడిపోయింది. పిచ్చి మొహం!

లేప్‌టాప్ స్మితది. తల్లి కాసమ్మ ఎండుచేపల బేరం చేసి కొనిచ్చింది. లోకనాథ్ స్టూడియోలో ఒక కంప్యూటరు ఉంది గానీ అది బిల్లులు కొట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు. పెళ్లి ఆల్బమ్ పేజీలన్నీ స్మిత తన లేప్‌టాప్ మీదే కట్టేది. వచ్చిన ప్రతి పెళ్లి ఫొటోలూ తెచ్చి అందులోనే పోసేవాడు లోకనాథ్. తెరిచి చూస్తే డిస్కు గీత ఎర్రగా ఉండేది, చోటు లేదని. కొత్త పెళ్లి వచ్చినప్పుడల్లా స్మిత తన పాటలో, తన చిన్నప్పటి ఫొటోలో, ఊళ్లో వాళ్ల వీడియోలో ఏదో ఒకటి తుడిచేసి చోటు చేసేది. ఇంక తుడవడానికి తనవంటూ మిగిలినవి ఆమె సొంతంగా గీసుకున్న ఆల్బమ్ పేజీలు మాత్రమే. బరంపురం పట్టుచీర అంచులు, గడపల్లో వేసే ఝోటి ముగ్గులు, కెరటాల వరసలు. అవన్నీ ఇంటి దగ్గర కూర్చుని గీసినవి. ఆ పేజీలే రేపు ఛత్రపురంలో ఆమెకి పెట్టుబడి.

మనీష్ దుకాణం బడా బజారు సందులో మెట్ల కింద ఉంటుంది. అతను ఒరియా కుర్రాడే గానీ తెలుగు బాగానే మాట్లాడతాడు, అక్కా అనడానికి మాత్రం అపా అంటాడు. లేప్‌టాప్‌ని రబ్బరు షీటు మీద బోర్లించి, వెనక స్క్రూలు ఒక్కొక్కటీ విప్పి డబ్బా మూతలో వేశాడు. అంచు సందులో పాత ఏటీఎం కార్డు దూర్చి చుట్టూ తిప్పుతుంటే పట్ పట్‌మని ఊడింది. లోపల దుమ్ము, దూది. మనీష్ బ్రష్షుతో దులిపి, ముందుగా బ్యాటరీ తీగ పీకాడు. ఒక మూల అరచేతిలో పట్టేటంత బిళ్ల ఉంది, అదే డిస్కు. దాన్ని పక్కకి జరిపి సాకెట్లోంచి లాగాడు.

"ఇంతేనేటి?" అంది స్మిత.

"ఇంతే అపా. బిగించడం కూడా ఇంతే. అసలు పని ఇప్పుడుంది." పాత డిస్కునీ కొత్త డిస్కునీ ఒక పెట్టెలో పక్కపక్కన నిలబెట్టాడు. "పాతదాంట్లో ఉన్నది ఉన్నట్టు కొత్తదాంట్లోకి దిగుతాది. ఇక్కడ తిరగేసి నొక్కేనంటే ఖాళీది వచ్చి నిండుదాన్ని తుడిచేస్తాది. రెండుపాలు సూసుకుని నొక్కాల."

అతను రెండుసార్లు చూసుకుని నొక్కాడు. దీపాలు మిణుకు మిణుకుమంటూ మధ్యాహ్నమంతా పట్టింది. లోకనాథ్ స్టూలు మీంచి కదల్లేదు. కొత్తది బిగించి, లేప్‌టాప్ వెలిగించి చూపించాక, అతను బల్ల మీది పాత డిస్కు వైపు చెయ్యి చాపాడు.

"అది ఇలగియ్యి."

మనీష్ దాన్ని కొత్త డిస్కు వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి స్మిత చేతికిచ్చాడు. "లేప్‌టాప్ ఎవరిదో దించింది వారిది కదా భాయి. కొన్నాళ్లు దాచు అపా. కొత్తది ఏదైనా తిరకాసు పెడితే నీకు ఇదే దిక్కు."

లోకనాథ్ మొహంలో నవ్వు ఒక్క క్షణం ఎక్కడికో పోయి మళ్లీ వచ్చింది. స్మిత డబ్బాని టిఫిన్ సంచీలో వేసుకుంది.

సాయంత్రం సముద్రం ఒడ్డున తన ఊరు మార్కండిలో బస్సు దిగి ఇంటికి వెళ్లేసరికి కాసమ్మ అరుగు మీద ఎండు కవళ్ల చేపలు ఏరుతోంది. తల తెగినవి ఒక పక్కకి, బాగున్నవి బుట్టలోకి. స్మిత సంచీలోంచి డబ్బా తీసి పక్కన పెట్టింది.

"ఏటే అది?"

"పాత డిస్కమ్మా. లేప్‌టాప్‌లోంచి దించేసినారు. పెద్దది ఏసినారు."

"దించినదాన్ని నేల మీద ఎడతావేటే!" కాసమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని డబ్బా అందుకుంది. నావలోంచి దించిన సామాను, పాత పలకైనా, అరిగిపోయిన ఇంజను రెక్కైనా, ఒడ్డున వదిలెయ్యరు ఆ ఊరి జాలర్లు. ఇంటికి తెచ్చి పసుపూ కుంకుమా పెట్టి గంగమ్మ పటం దగ్గర ఉంచుతారు. కాసమ్మకి డిస్కంటే ఏమిటో తెలియదు. దించినది అన్న మాట తెలుసు. లోపలికి పోయింది. స్మిత కాళ్లు కడుక్కుని వెళ్లేసరికి డిస్కు డబ్బాలోంచి బయటికొచ్చి పటం ముందు కూర్చుంది. దాని మీద కుంకుమ బొట్టు. కాసమ్మ చేతిలో పసుపు నీళ్ల గిన్నె.

"అమ్మా! నీల్లు పోసినావేటి?"

"పొయ్యనేదే. సిలకరించినాను, అంతే."

స్మిత గబగబా ఓణీతో తుడిచింది. ఒక చుక్క డిస్కు మీద కంపెనీ పేరున్న కాగితం మీద పడి పసుపు మరక అయింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది, అదేదో కొబ్బరికాయ అయినట్టు. తల్లి ఆ అవతారం చూసి నవ్వి, నవ్వుతూనే అడిగింది.

"కొత్తది ఎవులేసారు? ఆ పెద్దమనిసా?"

"ఆయనే."

"నువ్వు మానేస్తానని సెప్పినాకా?"

"మంచోడమ్మా."

"మంచోడైతే నిండిపోనాదని నువ్వు ఏడ్సినన్నాల్లూ ఎందుకు ఏయనేదే?"

స్మితకి కోపం వచ్చింది. ఎవరేం చేసినా తల్లికి అనుమానమే. వెళ్లి కంచం ముందు కూర్చుంది.

మర్నాడు స్టూడియోకి వెళ్లగానే లోకనాథ్ లేప్‌టాప్ అడిగి తీసుకుని, మూత మీద జేబురుమాలుతో తుడిచి, బంగారు రంగు స్టిక్కరు ఒకటి నడిమధ్యన అంటించాడు. దాని మీద తన స్టూడియో పేరు, ఫోను నంబరు. బొటనవేలితో నాలుగు మూలలా గట్టిగా రుద్దాడు. "నలుగురికీ తెలవాల కదమ్మా" అన్నాడు. స్మితకి అదోలా అనిపించింది గానీ డిస్కు వేయించిన మనిషిని స్టిక్కరు దగ్గర ఏమంటుంది? ఊరుకుంది. ఊరుకోవడమే తప్పయింది.

సాయంత్రం లేప్‌టాప్ సంచీలో పెట్టి జిప్పు లాగుతోంది. లోకనాథ్ వచ్చి జిప్పు మీద చెయ్యి వేశాడు.

"ఇక్కడ ఒగ్గీ."

"ఎందుకు బాబూ? రోజూ పట్టుకెల్తాను కదా."

"ఆ రోజులు ఏరు. ఇప్పుడందులో నా డిస్కుంది." సంచీలోంచి లేప్‌టాప్ తీసి, కెమెరాలు పెట్టే ఇనప బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి లాల్చీ లోపలి జేబులో వేసుకున్నాడు. అంతా నెమ్మదిగా, దేవుడి గది తలుపు మూసినంత శాంతంగా చేశాడు.

"లేప్‌టాప్ నాది బాబూ."

"నాను కాదన్నానేటి? పైన డబ్బా నీదే. లోపల డిస్కు నాది. డిస్కులో సరుకు నాది. అది తీసేస్తే నీ డబ్బాలో ఏటుంటాది? దాంట్లో ఎండుసేపలు పోసుకుని అమ్ముకోవాల."

"నా పేజీలున్నాయి అందులో."

"నా జీతం తింటా గీసినవి నీయెలగవుతాయి?"

"ఇంటి కాడ గీసినాను. మీకు తెలీదేటి?"

"సీజన్ అవనీ, మాటాడుకుందాం." కుర్చీలో వెనక్కి వాలాడు. "ఛత్రపురంలో కొట్టు పెడతావా? దేంతో పెడతావో నానూ సూస్తాను."

అప్పుడు అర్థమైంది స్మితకి. టీ దగ్గర్నుంచి స్టిక్కరు దాకా ఒక్కసారిగా అర్థమైంది. అతని మీద ఎంత మండిందో తన మీద తనకి అంతకంటే ఎక్కువ మండింది. బస్సులో ఖాళీ సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, దాని తేలికతనమే భరించలేకపోయింది.

తర్వాతి రోజు పొద్దున బీరువా తెరిచి లేప్‌టాప్ బల్ల మీద పెట్టడం, సాయంత్రం తీసి లోపల పెట్టడం లోకనాథ్ తానే చేశాడు. మధ్యలో ఆమె మంచినీళ్లకి లేచినా కళ్లతో వెంటాడాడు. స్మిత పని చేసింది. ఆ మధ్యాహ్నం ఉమాదేవి వచ్చింది. పక్క వీధిలో ఆమెకి చీరల దుకాణం ఉంది. కూతురి పెళ్లి ఆల్బమ్ ఇంకా అవలేదని అప్పటికే చిరాకుగా ఉంది.

"ఇంకెన్నాల్లయ్యా? వియ్యాలారు అడుగుతన్నారు. సిగ్గేస్తంది."

"నన్నేటి సెయ్యమంటారమ్మా?" లోకనాథ్ స్మిత వైపు గడ్డం విసిరాడు. "ఈ పిల్ల నా మిషను ఎత్తుకుపోయి సొంత కొట్టు పెట్టాలని సూస్తంది. పని మీద బుద్ధి నేదు. అందుకే బీరువాలో ఎట్టి తాళం ఏస్తన్నాను. సేపలోల్లని తెచ్చి పనిలో ఎట్టుకుంటే ఇలగే ఉంటాది."

స్మిత చెయ్యి మౌసు మీద అలాగే ఉండిపోయింది. అబద్ధం అని ఆ క్షణంలోనే అనాలి. అనలేకపోయింది. ఉమాదేవి స్మిత పక్కన కుర్చీ మీద పెట్టుకున్న తన చేతిసంచీని నెమ్మదిగా ఒళ్లోకి లాక్కుంది.

లోకనాథ్ అన్నమాట కంటే ఆ సంచీ లాక్కోవడం ఎక్కువ గుచ్చుకుంది ఆమెకి. తెర మీద ఆ మహాతల్లి కూతురే, పట్టుచీరలో, బాసికం కట్టుకుని నవ్వుతోంది. ఆ అమ్మాయి చెంప మీద మొటిమ మచ్చ కూడా కనబడకుండా సవరించింది తానే.

శనివారమంతా స్మిత ఒకటే ఆలోచన చేసింది. లోకనాథ్ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోతే గంట దాకా రాడు. పోయేముందు బీరువాకి తాళం వేస్తాడు. ఎప్పుడైనా మరిచిపోతే? లేప్‌టాప్ ఓణీ కింద పెట్టుకుని సందులోంచి బస్టాండుకి పోతే? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా నా వస్తువుని నేను దొంగతనం చేయాలా అని ఏడుపు వచ్చేది.

ఆదివారం పొద్దున ఒడ్డుకి వెళ్లింది, తల్లికి సాయంగా. సింహాచలం నావ అప్పుడే వచ్చింది. నావ అతనిది, దాని వెనక బిగించిన ఇంజను పైడన్నది. వచ్చిన చేపల్లో నావకో వాటా, ఇంజనుకో వాటా, మనుషులకి వాటాలు. ఈ ఇద్దరికీ కొంతకాలంగా పడటంలేదని ఊరందరికీ తెలుసు. చేపలు దించారు. వల దులిపారు. పంచడం అయిపోయింది. అప్పుడు పైడన్న పానా పట్టుకుని నావ వెనక్కి నడిచాడు.

ఒడ్డున అందరూ చేతుల్లో పని ఆపేశారు.

"ఇంజను దింపుకుంతన్నాను. అందరూ సూడండి" అన్నాడు పైడన్న, గట్టిగా.

సింహాచలం అతని తాతముత్తాతల్ని వరసపెట్టి తిట్టడం మొదలుపెట్టాడు. నీ ఇంజను సముద్రంలో ముణిగిపోవాల అన్నాడు, నీ చేతులు పడిపోవాల అన్నాడు. తిట్టని తిట్టు లేదు. కానీ అడుగు ముందుకి వెయ్యలేదు, చెయ్యి ఎత్తలేదు. పైడన్న ఒక్కొక్క బోల్టూ విప్పాడు. తుప్పు పట్టిన బోల్టు ఒకటి రాకపోతే కిరసనాయిలు పోసి ఆగాడు. ఇంజను ఊడి వచ్చాక బోల్టులన్నీ సముద్రపు నీళ్లలో కడిగి, సింహాచలం అరచేతిలో పోశాడు. బోల్టులు నావవి. సింహాచలం వాటిని చూసుకుని, తిడుతూనే రొంటిన దోపుకున్నాడు. పైడన్నా అతని తమ్ముడూ ఇంజనుకి కావడికర్ర తగిలించి భుజాల మీదికెత్తుకుని ఇసకలో పోయారు. వెనక బరువు పోయిన నావ నీళ్లలో ఒకసారి పైకి లేచి ఊగి నిలబడింది.

"సూసినావా?" అంది కాసమ్మ. కూతురు ఏమీ చెప్పకపోయినా ఖాళీ సంచీతో ఇంటికి రావడం చూస్తూనే ఉంది ఆవిడ. "ఇంజనుంది కదా, నావ కూడా నాదే అన్నాడేటి పైడన్న? ఏనాడైనా ఎవుడైనా అన్నాడేటి?"

స్మిత తలెత్తింది.

"ఆ పెద్దమనిసి నీ నావ పట్టుకెల్లి ఆడి దొడ్లో కట్టేసుకున్నాడు కాదేటి?"

"అవునమ్మా." అప్పుడు ఏడ్చింది స్మిత, ఒడ్డు మీద, అందరి మధ్యా. తల్లి ఏడవనిచ్చింది. చేపల బుట్ట మీది గోనె సర్ది, ఆ తర్వాత అంది.

"దొంగతనంగా తెచ్చీద్దారని సూత్తన్నావేమో. అలగ తెస్తే నువ్వు దొంగవేనే. దింపుకోవాలంటే పదిమంది సూత్తండగా దింపాల. ముందు సేపలు ఒడ్డుకి సేర్సాల, ఆడి వాటా ఆడికి పంచీయాల. అప్పుడు ఎవుడేటి తిట్టినా గాలికి పోతాది. రేపు నానూ వస్తాను. మనిసి తోడుండాల."

సోమవారం తల్లీ కూతుళ్లు మొదటి బస్సెక్కారు. కాసమ్మ ఎండుచేపల బుట్ట తెచ్చుకుంది, బరంపురం దాకా పోయి బేరం లేకుండా రావడం ఆవిడకి చేతకాదు. స్మిత టిఫిన్ సంచీలో గుడ్డ చుట్టిన పాత డిస్కు ఉంది. బొట్టు చెరపలేదు.

స్టూడియో గుమ్మం పక్కన మెట్టు మీద కాసమ్మ కూర్చుంది. లోకనాథ్ ముక్కు మూసుకున్నాడు. "ఇదేటి ఈ కంపు! ఇక్కడెందుకు కూకున్నాది?"

"మా అమ్మ బాబూ. నాతో వచ్చింది."

"రోడ్డు మీదికి పొమ్మను."

కాసమ్మ కదల్లేదు. రోడ్డు మీద పోయే మనిషినెవరినో పిలిచి కవళ్ల ధర చెప్పడం మొదలుపెట్టింది.

స్మిత పనిలోకి దిగింది. ఉమాదేవి కూతురి ఆల్బమ్‌లో మిగిలిన పేజీలు అప్పగింతలవి. ఎంత ఒళ్లు మండినా చెయ్యి వంకర పోనివ్వలేదు. ఏడుస్తున్న తండ్రి మొహం మీద పడిన నీడ తీసింది, మెడలో దండ రంగు సరిచేసింది. ఆఖరి పేజీ అయ్యేసరికి ఉమాదేవి వచ్చింది. ఆమె వెనకే తమ పెళ్లి ముహూర్తానికి ఫొటోలు మాట్లాడుకోవడానికి ఇంకో కుటుంబం కూడా వచ్చి బెంచీ మీద కూర్చుంది.

"అయిపోయిందమ్మా. సూడండి."

ఉమాదేవి మొదటి నుంచి చివరి దాకా చూసింది. రెండుచోట్ల కళ్లు తుడుచుకుంది. "బాగుంది" అంది, స్మిత మొహం చూడకుండా.

స్మిత లేచి నిలబడింది. "బాబూ, ఈ ఆల్బమ్‌తో నా సేతిలో ఉన్న మీ పెళ్లిల్లన్నీ అయిపోనాయి. అన్నీ మీ డిస్కులోనే ఉన్నాయి. ఇప్పుడు మీ డిస్కు దించేస్తన్నాను. అందరూ సూడండి."

లోకనాథ్‌కి ముందు అర్థం కాలేదు. పాత డిస్కులో ఎలాగూ ఉన్నాయి కాబట్టి, ఆమె తన పేజీలున్న ఫోల్డరు ఒక్కటీ తెర మీద చూపించి తుడిచి, లేప్‌టాప్ ఆపి, బోర్లించి, కెమెరాలకి వాడే చిన్న స్క్రూడ్రైవరు సొరుగులోంచి తీసేసరికి అర్థమైంది. కుర్చీ వెనక్కి పడేలా లేచాడు.

"ఏయ్! ఏటి సేస్తన్నావే? నా మిషను ముట్టుకోకు! దొంగముండా!"

"పిలవండి బాబూ, పోలీసుల్ని పిలవండి. ఆల్లొచ్చేసరికి ఇప్పడం అవుతాది." గొంతు తనదేనా అనిపించింది ఆమెకి. మొదటి స్క్రూ జారి కిందపడింది. వంగి వెతికి తీసి టీ గ్లాసు సాసర్లో వేసింది. అడుగు మూత అంచులో బస్సు పాసు దూర్చి తిప్పితే మనీష్ చేతిలో వచ్చినంత సుఖంగా రాలేదు. ఒక పక్క చిన్న పలుకు విరిగింది. ఆగలేదు.

లోకనాథ్ చెయ్యి ఎత్తాడు. గుమ్మం దగ్గర కాసమ్మ లేచి నిలబడింది. ముహూర్తం వాళ్లలో పెద్దాయన "ఆడపిల్ల మీద సెయ్యేటయ్యా" అన్నాడు. ఎత్తిన చెయ్యి దిగింది, నోరు మాత్రం దిగలేదు. తిండికి లేకపోతే పనిచ్చాను అన్నాడు, మీ జాతే అంత అన్నాడు, ఈ బజార్లో ఎవడు నీకు పనిస్తాడో చూస్తాను అన్నాడు. స్మిత వింటూనే బ్యాటరీ తీగ పీకి, అతని డిస్కు జరిపి లాగి, చెంగుతో తుడిచి అతని ముందు బల్ల మీద పెట్టింది.

"మీ డిస్కు. మీ సరుకంతా ఉంది."

సంచీలోంచి గుడ్డ విప్పి పాతదాన్ని తీసింది. బొట్టు చూసి లోకనాథ్ పకపకా నవ్వాడు. "పూజ సేసి తెచ్చిందిరా! పసుపు నీల్లలో ముంచినట్టున్నారు. ఏదీ, ఎలిగించు, సూద్దాం!"

ఆ మరక మీదే స్మిత కళ్లున్నాయి. అమర్చింది, తీగ తగిలించింది, మూత నొక్కింది, స్క్రూలు బిగించింది. మీట నొక్కింది. తెర నల్లగా ఉంది. లోపల టిక్ టిక్‌మని చప్పుడు, మళ్లీ ఏమీ లేదు. లోకనాథ్ నవ్వుతూనే ఉన్నాడు. గంగమ్మ తల్లీ అనుకుంది స్మిత, వెలగకపోతే నా పేజీలు పోయాయి, చుక్క నీళ్లకి నా బతుకు పోయింది. తెర వెలిగింది.

నవ్వు ఆగింది. వెంటనే ఉమాదేవి వైపు తిరిగాడతను. "సూసారా? ఆ పాతదాంట్లో కూడా మన పెళ్లి ఫొటోలున్నాయి! మీ అమ్మాయి ఫొటోలు పట్టుకుపోతంది. ఏటి సేస్తాదో ఎవులికి తెలుసు? అడగండి!"

ఉమాదేవి మొహం మారిపోయింది. విసురుగా వచ్చి స్మిత పక్కన నిలబడింది. "నిజమేటి? ఉన్నాయా?"

"ఉన్నాయమ్మా." నిజమే మరి. లేవని ఎలా అంటుంది? "మీదీ ఉంది, ఈ నాలుగేల్లలో నేను కట్టిన అందరివీ ఉన్నాయి. మీరే తుడవండి."

ఆ మాట అనడం సులువే. ఫోల్డర్లు వరసగా ఎంచుతూ ఒకదాని దగ్గర వేలు ఆపింది. పురుషోత్తంపూర్ పెళ్లి, ఆమె చేసిన మొదటి ఆల్బమ్. వానలో తడిసిన ఊరేగింపు, దాన్ని అందరూ మెచ్చుకున్నారు. కొత్త కొట్లో ఎవరైనా వచ్చి, నువ్వు చేసినవి చూపించు అంటే చూపించడానికి ఇంక ఒక్కటి ఉండదు. అన్నీ ఎంచి కుర్చీ జరిపింది. ఉమాదేవి కళ్లజోడు సర్దుకుని, చూపించిన మీట నొక్కింది. చెత్తబుట్ట కూడా ఖాళీ చేయించింది. ఇంకెక్కడైనా ఉన్నాయా అని తానే రెండు మూడు చోట్ల తెరిపించి చూసింది. పట్టుచీర అంచులు, ముగ్గులు, కెరటాలు తప్ప ఏమీ లేవు.

"ఇవెవరివి?"

"నావమ్మా."

ఉమాదేవి వాటిని కాస్సేపు చూసింది. చీరలు అమ్మే మనిషి, అంచు చూస్తే తెలుస్తుంది. లోకనాథ్ వైపు తిరిగింది. "మరి వియ్యాలారు పేజీల్లో ఏదైనా మార్సమంటే ఎవరు మారుస్తారయ్యా?"

లోకనాథ్ డిస్కు చేతిలో పట్టుకుని ఉన్నాడు.

స్మిత మూత వేసింది. బంగారు స్టిక్కరు మూల గోటితో లేపి లాగింది. సగమే వచ్చింది. వచ్చిన ముక్కని డిస్కు పక్కన బల్లకి అంటించి, లేప్‌టాప్ సంచీలో పెట్టి జిప్పు లాగింది. ఈసారి జిప్పు మీద ఎవరి చెయ్యీ పడలేదు. ఉమాదేవి పలకరించలేదు, క్షమించమనలేదు. దారికి అడ్డంగా ఉన్న తన చేతిసంచీ మాత్రం పక్కకి తీసి దారిచ్చింది.

బస్సులో ఎండుచేపల బుట్ట చూసి ఒకావిడ గొణిగింది, కండక్టరు వెనక్కి పొమ్మని కసురుకున్నాడు. తల్లీ కూతుళ్లు ఆఖరి సీట్లో కూర్చున్నారు. స్మిత భయం ఆగక లేప్‌టాప్ తెరిచింది, తన పేజీలు నిజంగా ఉన్నాయో లేదో ఇంకొకసారి చూసుకోవాలని. ఉన్నాయి. తర్వాత అలవాటుగా డిస్కు గీత చూసింది. ఏళ్ల తరబడి ఎర్రగా ఉన్న గీత నీలంగా ఉంది. మొదట్లో కాస్త నీలం, మిగతా పొడుగంతా ఖాళీ.

తప్పు చూశాననుకుని మూసి మళ్లీ తెరిచింది. అలాగే ఉంది. చోటు లేదు చోటు లేదని తన పాటలు తుడుచుకుంది, చిన్నప్పటి ఫొటోలు తుడుచుకుంది, పెద్దది వేయిస్తానంటే ఎగిరి గంతేసింది. నిండా ఉన్నదంతా అతనిదే.

"ఏటే, అలగ సూస్తన్నావు? పాడైపోనాదేటి? నా నీల్ల వల్లేనేటి?" అంది కాసమ్మ భయంగా.

"పాడవనేదమ్మా."

"మరి మీ మామ కాసులు కూతురికి పెళ్లి కుదిరింది కదా, ముత్యాలుకి. ఈ సిన్నదాంట్లో ఆ ఫొటోలన్నీ పడతాయేటి?"

స్మిత తెర మీది ఆ ఖాళీని తల్లి వైపు తిప్పింది.

"మనూరందరి పెళ్లిల్లూ పడతాయమ్మా."

కాసమ్మకి ఏమీ అర్థం కాకపోయినా వంగి శ్రద్ధగా చూసింది. తర్వాత కొంగు చివర నోటితో తడిపి, మూత మీద మిగిలిన స్టిక్కరు జిగురుని రుద్దడం మొదలుపెట్టింది.